ఒక్క ‘గా’తో ఫైనల్ ఎగ్జిట్

నోరు జారి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళు మీకు చాలామంది తెలిసే ఉంటారు. ఒకే ఒక్క అక్షరాన్ని సాగదీసి, నడుం వంచి, వినయంగా పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం నన్నే చూస్తున్నారు. బాగా చూసుకోండి.

సౌదీలోని అల్ ఖోబర్‌లో జపాన్‌వాళ్ళ పంపుల కంపెనీలో ఫైళ్ళు చూసేవాణ్ణి. మేనేజర్ పేరు యమదా. పేరులోనే హెచ్చరిక ఉంది, నాకే తట్టలేదు. ఆయన మెప్పు కోసం జపనీస్ నేర్చుకున్నాను. అదీ అందరిలా ‘ఇది పెన్ను, అది బల్ల’ అని కాదండీ, ఏకంగా నవలలు ముందేసుకుని! వాటిలో నన్ను పడగొట్టింది ‘గా’ అనే ప్రత్యయం. వాక్యం చివర తగిలిస్తే మన ‘కానీ’ అన్నట్టు. నాయిక “వెళ్ళాలనే ఉంది, కానీ...” అని ఆగిపోతుంది. మిగతాది చెప్పదు. నాయకుడు అర్థం చేసుకుని కళ్ళు తుడుచుకుంటాడు.

స్టోర్ కీపర్ సలీం భాయ్‌ది కడప. నన్ను చూసి నవ్వేవాడు.

“ఏంప్పా, ఆ కతల బుక్కులు సదివితే పంపులు తిరుగుతాయా?”

“నీకేం ఎరుకనే భాయ్! వాళ్ళ భాష సొగసంత చెప్పనిదాంట్లనే ఉంటది.”

అంతలో, ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీవాళ్ళు ఉండి తీరాలనే నితాఖత్ చట్టం వచ్చిపడింది. సౌదీ ఉద్యోగులు చాలక మా కంపెనీ ఎర్ర జాబితాలోకి పోయింది. మా ఇద్దరిలో ఒకరికి ఫైనల్ ఎగ్జిట్, అంటే వీసా రద్దై శాశ్వతంగా ఇంటిదారి, తప్పదన్నారు. యమదా ముందుగా నన్ను పిలిచి, నీళ్ళు నములుతూ, “మీ ఆలోచన ఏమిటి?” అని జపనీస్‌లోనే అడిగారు.

తపస్సు ఫలించే ఘడియ! నడుం వంచాను. నవలల్లోలాగా కిటికీలోంచి సుదూరంగా చూశాను. ఏసీ డబ్బా కనిపించింది. అయినా తగ్గకుండా, “కాయెరితాయ్ నో దెసు గా...” అన్నాను. అంటే, ఇంటికి వెళ్ళాలనే ఉంది, కానీ... ‘ఈ ఆఫీసును వదల్లేను’ అన్న మిగతా సగాన్ని ఆయన హృదయానికి వదిలేశాను.

ఆయన కళ్ళు చెమర్చాయి. నాకంటే లోతుగా వంగి, “అర్థమైంది. మీ మేలు మరువను” అన్నారు.

తర్వాత సలీం భాయ్ వంతు. “నేను! పని! ఇష్టం! ఇల్లు! వద్దు!” అని జపనీస్ ముక్కలు గోడ అవతలికి వినిపించేలా అరిచి వచ్చాడు. వెతికినా ఒక్క ప్రత్యయం లేదు. పాపం, పోయే ప్రాణం అని జాలిపడ్డాను.

వారం తిరిగేసరికి, కంపెనీ కాగితాలు సర్కారు ఆఫీసులకు తిప్పే మందూబ్ నా పాస్‌పోర్టు నా చేతిలోనే పెట్టాడు. “ముబారక్! ఫైనల్ ఎగ్జిట్!”

యమదా గదిలోకి పరిగెత్తాను.

“సార్, నా వాక్యం పూర్తి కాలేదు! చివర ‘కానీ’ అన్నాను!”

“అన్నారు. మొహమాటపడి ఏదైనా అడిగేటప్పుడు మేమూ అలాగే ఆగిపోతాం. ‘వెళ్ళాలని ఉంది, పంపిస్తారా?’ అని ఎంత అందంగా అడిగారండీ!”

“మరి నవలల్లో నాయికలు...”

“వాళ్ళూ ఆ మాట అన్నాక వెళ్ళిపోతారు. చివరిదాకా చదవలేదా?”

చదవలేదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మరీ మంచిదై నేరుగా ఊరికే పంపింది. దమ్మామ్ విమానాశ్రయం క్యూలో గుండె మీద చెయ్యేసుకుని ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఏ వాక్యాన్నీ సగంలో ఆపను, ఏ నవలనూ సగంలో మూయను.