మామిడిపండు వాసన వేసిన మంట

సిగరెట్ మానబోయి నాలుగు వందల మందిని ఎండలో నిలబెట్టిన మొనగాణ్ణి నేనే. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. నేను వాడికంటే నాలుగాకులు ఎక్కువే చదివాను. చుట్ట మానడానికే ఇల్లు కాలినంత పని చేశాను.

వరల్డ్ కప్ కోసం ఖతర్‌లో స్టేడియాలు లేస్తున్న రోజులవి. అక్కడి మెసైమీర్‌లో మా పనివాళ్ళ క్యాంప్. వీడియో కాల్‌లో నా దగ్గు విని మా ఆవిడ లక్ష్మి తేల్చేసింది.

"దుబాయ్ పోయి దగ్గు సంపాదించినవ్. ఇగ సిగరెట్ బంద్ వెట్టినంకనే ఫోన్ చెయ్."

ఖతర్ దుబాయ్ కాదని చెప్పేలోపే పెట్టేసింది.

నా గదిలోనే ఉండే నిజామాబాద్ ఖాజా జాలిపడి ఎక్కడినుంచో ఒక ఈ-సిగరెట్ తెచ్చాడు.

"ఇది గుంజు రాజేశం. మామిడిపండు వాసనొస్తది. సిగరెట్ యాదికి రాదు."

"ఈ దేశంల ఇది మనా గద ఖాజన్నా. దొరికితే?"

"దొరికితే ఇంటికి పంపిస్తరు. గందుకే బయట వద్దు, రూమ్‌ల గుంజు. పొగ కాదు యార్, ఉత్త ఆవిరి."

ఆవిరే కదా అని శుక్రవారం మధ్యాహ్నం పై మంచం మీద వెల్లకిలా పడుకుని, ఒక దమ్ము గట్టిగా లాగి పైకి వదిలాను. నా ముక్కుకు మూరెడు పైన పొగను పసిగట్టే యంత్రం ఉంది. పొగకూ ఆవిరికీ తేడా ఖాజా దానికి చెప్పలేదు.

సైరన్ మోగింది. సెలవు నిద్రలో ఉన్న క్యాంపంతా లుంగీల మీద మైదానంలోకి పరుగెత్తింది. నేను మాత్రం ఉద్యోగం పోతుందన్న భయంతో బాత్రూంలో దూరి గడియపెట్టుకున్నాను. అలారం మోగితే బయట తలలు లెక్కపెడతారని నెలనెలా డ్రిల్‌లో నేర్పుతూనే ఉన్నారు. నా తెలివి చూడండి, అది గుర్తే రాలేదు.

ఒక తల తగ్గింది. "రాజేశం లోపల్నే ఉన్నడు" అంటూ ఖాజా, పట్టుకున్నవాళ్ళను విదిలించుకుని, తడి తువ్వాలు కప్పుకుని లోపలికి ఉరికాడు. తలుపు విరగ్గొట్టి నన్ను భుజాన వేసుకున్నాడు.

"ఖాజన్నా, నాకేం కాలే, దించు."

"మాట్లాడకు, పొగ మింగుతవ్."

బయట సేఫ్టీ ఆఫీసర్ సూర్యారావుగారు, కాకినాడ మనిషి, నన్ను వాసన చూశారు.

"ఏవయ్యా, మంట మామిడిపండు వాసనొస్తుందేంటి?"

ఖాజా అప్పుడే అంతా అర్థం చేసుకున్నాడు. "ఈనది జగిత్యాల సార్, అన్ని మామిడి తోటలే. ఆ దిక్కు అందరు గట్లనే వాసనొస్తరు."

సూర్యారావుగారు చెయ్యి చాపారు. ఇంటికి పోయే విమానం కళ్ళముందు కనబడుతుండగా ఈ-సిగరెట్ అందులో పెట్టాను. ఆయన దాన్ని నీళ్ళ బకెట్‌లో పడేశారు.

"నేనూ తాగినవాణ్ణేనయ్యా. రేపు నాతో క్లినిక్‌కి రా. మానడానికి డాక్టరుగారు దారి చెబుతారు."

తర్వాత పైవాళ్ళకు పంపే రిపోర్టులో ఇలా రాశారు: "చెప్పకుండా జరిపిన డ్రిల్. గాయపడినవాడిగా నటించినది రాజేశం."

ఇవాళ నేను దగ్గకుండా మాట్లాడుతున్నానంటే ఆ ఇద్దరి పుణ్యమే. ఆయన నా ఉద్యోగం నిలబెట్టారు. ఇక ఖాజా సంగతంటారా, ఆ మంట అబద్ధమని నాకు తెలుసు, వాడికి తెలియదు. నిజమనుకునే వచ్చాడు. ఆ రుణం నేను తీర్చుకోలేను.

శిక్ష మాత్రం తప్పలేదు. వరల్డ్ కప్ వచ్చేదాకా ప్రతి డ్రిల్‌లోనూ స్ట్రెచర్ మీద గాయపడినవాణ్ణి నేనే. తలవైపు మోసే ఖాజా నెలనెలా గొణిగేవాడు.

"సిగరెట్ మానినవని డాక్టర్ చెప్పుడెందుకు? నీ బరువే చెప్తున్నది."

కాబట్టి పెద్దలందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట మామిడిపండును కోసుకుని తింటానే తప్ప, చచ్చినా ఊదను.