మసకలో వేళ్లు చూపించే దుర్భిణి

బహ్రెయిన్‌లోని మా కార్మికుల క్యాంపులో ముత్తన్నది నా పక్క మంచమే. సిత్రాలో చమురు ట్యాంకులకు రంగులేసే పనిలో ఇద్దరం పదిహేనేళ్లుగా అరిగిపోతున్నాం. శుక్రవారం సెలవొస్తే కదలకుండా పడుకునే మనిషి, పోయిన నెల మాత్రం దుర్భిణి కొనాలని నన్ను లేపాడు.

వాళ్ల ఊళ్లో అడవి పందులు మక్కచేన్లను తొక్కేస్తుంటే, పంచాయతీవాళ్లు అనుమతి ఉన్న షూటర్‌ని పిలిపిస్తారు. పొద్దుగూకే వేళ అడవి అంచున పంది ఎక్కడుందో చూసి చెప్పే పని ముత్తన్న బామ్మర్ది దేవేందర్‌ది. నిరుడు అతను మసకలో నల్లగా కదిలినదాన్ని చెయ్యెత్తి చూపించాడు. తుపాకి లేచింది. అక్కడ వంగి కలుపు తీస్తున్నది ముత్తన్న భార్య అంజవ్వ, దేవేందర్‌కు సొంత అక్క. ఆ క్షణాన దగ్గు రాబట్టి బతికింది.

దేవేందర్‌కు పంపే దుర్భిణి కోసం మనామాలో మహబూబ్ పాషా దుకాణానికి వెళ్లాం. ఆయన రెండు దుర్భిణులు తీశాడు. ఒకటి ఇరవై రెట్లు దగ్గరగా చూపిస్తుంది. రెండోది ఏడు రెట్లే, కానీ దాని ముందు అద్దాలు బాగా వెడల్పు. ముత్తన్న ఇరవైదే పట్టుకున్నాడు. ఎదురు దుకాణం బోర్డు మీది సన్నక్షరాలు కూడా చదివాడు.

“లైటు కింద అన్నీ మంచిగనే కనబడ్తయ్ భాయ్,” అన్నాడు పాషా. “రెండూ తీస్కపో. పొద్దుగూకినంక చూడు. నచ్చనిది తర్వాత తెచ్చియ్యి.”

మర్నాడు డ్యూటీ దిగి రాగానే నేను మంచమెక్కాను. అయినా క్యాంపు వెనక ఖాళీ జాగాలో, ఇసుక బస్తాల మధ్య నన్ను కూర్చోబెట్టి, ముత్తన్న దూరంగా గోడ దగ్గర నిలబడ్డాడు. పొద్దుగూకాక వినిపించే మగ్రిబ్ అజాన్ అయింది. ఫోన్ చేశాడు.

“తమ్మీ, వంగు. కలుపు తీసినట్టు చెయ్యి.”

“ఈ ఇసుకల ఏం కలుపున్నదే అన్నా?”

ఇరవైదానిలో అంతా చీకటి, పైగా వణుకుతోందన్నాడు. ఏడుదానిలో నా చేతి వేళ్లు కూడా కనిపిస్తున్నాయన్నాడు. పని అయిపోయిందని లేవబోయాను. ఆగమన్నాడు. వెలుతురు ఇంకా తగ్గింది.

“ఇగ ఏది బస్తానో, ఏది నువ్వో తెలుస్తలేదు,” అన్నాడు చివరికి.

అక్కడ నిలబడే, నా కాల్ కట్ చేయకుండా దేవేందర్‌ను కూడా ఫోన్‌లో కలిపాడు. అసలు పందులు దిగేదే ఆ చీకట్లో కదా బావా అని దేవేందర్ వాదించాడు. ముత్తన్న గొంతు పెంచలేదు.

“పంది పోతే పోనియ్యిరా. నేను పంపే దుర్భిణిల మనిషి వేళ్లు కనబడనంత చీకటైతే చెయ్యి చూపియ్యకు. తుపాకి దించమను.”

తర్వాత నాకోసం వచ్చాడు. నేను లేచి నిలబడేదాకా ఏ బస్తా దగ్గర ఆగాలో అతనికి తెలియలేదు.