ఏరిన కుప్పలు

ఆర్మూర్ల పసుపు సేటు గోదాంల గంగామణి పొద్దంత ఏరుతనే ఉంటది. గుండ్రటి గోళలు ఎడమకు, పొడుగు కొమ్ములు కుడికి. ఆమె చేతులు తప్పు చెయ్యవు. కాలే మాట వినదు. పక్కన కూసునే జ్యోతిలక్ష్మి ఒక్కపూట వేరేదిక్కు కూసున్నా, నన్ను ఇడిసిపెట్టిందని కడుపుల మంట లేస్తది. తెలివికొచ్చేసరికి కుప్పలు రెండూ కలిసిపోయి ఉంటయి. ఎవరో తన్నిపోయినట్టు బిత్తరపోయి చూస్తది. పోయిన నెల గట్లనే అయితే, "ఇంకోసారైతే పనికి రాకు" అన్నడు సేటు. జ్యోతిలక్ష్మి మాత్రం పొద్దుమీకేదాక ఆమెతోని కూసొని మళ్ల ఏరింది. లేసేటప్పుడు, "మంట లేస్తే కింద కూలవడు చెల్లె. నన్ను పిలువు" అన్నది.

ఇయ్యాల జ్యోతిలక్ష్మి కొత్తగ వచ్చినామెకు పని చూపెట్టేతందుకు అవతలికి పోయింది. గంగామణి దిగ్గున లేసింది. కుప్పల మీదికి కాలు లేసింది. అది తన కాలేనని అప్పుడు ఎరుకైంది. సక్లముక్లం కాళ్లు మడిచి కూలవడి, పాదాలు రెండు చేతుల గట్టిగ పట్టుకొని, "అక్కా, జర ఇటు రా" అన్నది. జ్యోతిలక్ష్మి చాట పట్టుకొని వచ్చి పక్కన కూసున్నది. గోళలు గోళల దిక్కే, కొమ్ములు కొమ్ముల దిక్కే ఉన్నయి. గంగామణికి దండం పెట్టాలనిపించింది గని, చేతులు పాదాలను ఇంకా ఇడువలే.