అరికాళ్ల మంట తగ్గిన ఏడాది

నాన్న మండపేటలో ఒక రైసు మిల్లులో కళ్లం మేస్త్రీ. ఉడకబెట్టిన ధాన్యాన్ని సిమెంటు కళ్లం మీద పరిచి ఆడవాళ్లు కాళ్లతో తిప్పుతూ ఉంటే, అది మర పట్టడానికి ఎప్పుడు ఆరిందో చెప్పడం ఆయన పని. చెప్పులు విడిచి, ధాన్యంలో నాలుగడుగులు వేసి చెప్పేసేవారు. గింజ కొరికి చూడడం ఆయనకు నామోషీ. తినే తిండి మీద చెప్పులతో నడవడం ఆ కళ్లంలో ఎవరూ చెయ్యరు.

షుగరు బయటపడింది తొంభైల చివర్లో. అప్పటికే అరికాళ్లు మండిపోతుంటే సాయంత్రాలు బేసిన్‌లో నీళ్లు పోసుకుని కాళ్లు పెట్టుకునేవారు. డాక్టరుగారు చెప్పిన జాగ్రత్తలు నేనే కాగితం మీద రాసుకున్నాను. హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని కాబట్టి ఆ పెత్తనం నాదే. టీలో పంచదార మాన్పించాను, అన్నం సగానికి దించాను, పొద్దున్నే కాలవగట్టు మీద నడిపించాను. ఉత్తకాళ్లతో తిరగొద్దు, అరికాళ్లు రోజూ చూడాలి అన్న రెండు మాటలు మాత్రం కాగితంలోనే ఉండిపోయాయి. చూస్తానంటే కాళ్లు పంచెలోకి ముడుచుకుని, "ఆడపిల్లవి, నా కాళ్లు పట్టుకుంటావేంటమ్మా, తప్పు" అనేవారు. సిగ్గు విడిచి చెప్పాలంటే, నాకూ అదే హాయిగా ఉండేది.

రెండేళ్లకి అమ్మ కాకరకాయ రసం మొదలుపెట్టింది. కొన్నాళ్లకి మంటలు పూర్తిగా తగ్గిపోయాయి. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. అమ్మ ఇరుగుపొరుగు వాళ్లకి కూడా ఆ రసం గొప్ప చెప్పి వచ్చింది. నాన్న మాత్రలు రోజు విడిచి రోజు వేసుకోసాగారు. నేను ఊరుకున్నాను. నరం చచ్చిపోతే మంట తెలియదని పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే మనిషిని, ఊరుకున్నాను. తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ వేసవిలో నాన్న ఆరిందన్న ధాన్యం ఆరలేదు. మరలో పోస్తే సగం నూకే. "ఏంటి మేస్త్రీగారూ, ఈ మధ్య తప్పుతున్నారేంటండి?" అని గుమాస్తా అడిగాడట. "ధాన్యం కొత్త రకం, అదీ సంగతి" అని ఇంటికొచ్చి విసుక్కున్నారు. రోహిణి కార్తె ఎండలో ఆడవాళ్లు కాళ్లకి గోనెపట్టాలు చుట్టుకుంటే, ఆయన ఉత్తకాళ్లతోనే తిరిగారు. "నాకు కాలట్లేదు, అలవాటైపోయింది" అని గర్వంగా చెప్పుకునేవారు.

ఒక సాయంత్రం వరండా గచ్చు మీద తడి అడుగులు కనిపించాయి. కాళ్లు కడుక్కొచ్చారనుకుని అమ్మ గుడ్డతో తుడిచింది. గుడ్డ పసుపచ్చగా అయింది, వాసన కొట్టింది. అప్పుడు పట్టుకున్నాను ఆయన కాలు, బలవంతంగా. మడమ కింద నా బొటనవేలు దూరేంత గుంత, చుట్టూ నల్లబడిన చర్మం. గుంతలో రెండు ధాన్యపు గింజలున్నాయి.

కాకినాడ ఆసుపత్రిలో వారం ఉంచి, మోకాలి కింద నుంచి తీసెయ్యాలన్నారు. సంతకం పెట్టమని కాగితం నా చేతికిచ్చారు. నాన్న మంచం మీద లేచి కూర్చున్నారు.

"నాకు నొప్పే లేదండి. నొప్పి లేని కాలు ఎందుకు కోస్తారండి?" అని డాక్టరుగారిని అడిగారు. వెంటనే నా వైపు తిరిగారు. "నువ్వు చదువుకున్నదానివి కదమ్మా, నువ్వు చెప్పు ఆయనకి."

నాన్న చూస్తుండగానే సంతకం పెట్టాను.