నాగమ్మ ముఖం

మా చిన్నప్పుడు... కిరసనాయిలు కూడా సరిగా దొరకని యుద్ధం రోజులు. కార్తీకంలోనూ ఎండ పొద్దున్నే చురుక్కుమనేది. పెరికిన వేరుశనగ కాయలు ఇంటి ముందు కుప్ప పోసి, ఆడవాళ్లంతా చుట్టూ కూర్చుని ఒలిచేవాళ్లు. ఎర్రదుమ్ము వంటింటి దాకా వచ్చేది.

ఆ కుప్ప దగ్గరికి రానిది మా చిన్నమ్మ ఒక్కతే. చిన్నాయనకు రెండో భార్య. వేంపల్లె అవతల జొన్నలు, కొర్రలు తప్ప పండని ఊరు ఆమెది. కాయలు ముట్టుకుంటే చేతుల మీద దద్దుర్లు లేచేవి. "పని దొంగతనం" అనేది మా జేజి... అంటే నాయన వాళ్లమ్మ.

చిన్నాయన మొదటి భార్య నాగమ్మ ముందటేడు బావిలో పడి చనిపోయింది. ఆచారం ప్రకారం ఆమె పేరిట ఒక బిళ్ళ చిన్నమ్మ మెడలో వేశారు. శుక్రవారం నాగమ్మకు ఇష్టమైనది ఆ బిళ్ళకు చూపించి చిన్నమ్మ తినాలి. నాగమ్మకు ఇష్టం... బెల్లం పాకంలో కట్టిన వేరుశనగ ఉంటలు.

మొదటి శుక్రవారం తిన్న కాసేపటికే చిన్నమ్మ కళ్లు వాచి మూసుకుపోయాయి. పెదాలు ఉబ్బాయి. మాట రాలేదు. గొంతులోంచి ఈల మాత్రం వచ్చింది.

నాగమ్మను బావిలోంచి తీసినప్పుడు నేను చూశాను... అదే ముఖం.

జేజి చిన్నమ్మ ముందు చేతులు జోడించి కూర్చుంది. "నాగమ్మా, వస్తివా తల్లీ... ఏం కావల్ల నీకు?"

ఈల ఇంకా గట్టిగా వచ్చింది.

"ఇంగొకటి అడుగుతాండాది. పెట్టండి."

పెట్టారు. చిన్నమ్మ సాయంత్రం దాకా గోడకు ఆనుకుని ఊపిరి కోసం పెనుగులాడింది. ఎట్లాగో బతికింది.

ఆ తర్వాత పిల్లల్ని ఆమె దగ్గరికి పోనిచ్చేవాళ్లు కాదు. ఆమె చెంబు వేరు. ఏది తినాలన్నా ముందు వాసన చూసేది, మెతుకు నాలుక మీద పెట్టుకుని ఆగేది. మా ఇంట్లో వేరుశనగ పొడి పడని కూర లేదు. ఉత్త సంగటి, మజ్జిగతో వారంలోనే మనిషి సగమైంది.

మళ్లీ శుక్రవారం వచ్చింది.

"నేను తిననత్తా. ఇది తింటేనే గొంతు మూసుకుంటాది."

"మేమంతా తింటాండాం గదా? నీదొక్కటే బంగారు గొంతా?" అంది జేజి.

"ఒక్కటే గదా, తినుమే" అన్నాడు చిన్నాయన.

"పోయినవారమూ ఒక్కటే అని పెడితిరి."

"నాగమ్మకు పెట్టింది కాదంటే ఈ ఇంట్లో నీకు చోటు లేదు. మీ నాయన్ను పిలిపించమంటావా?" అంది జేజి.

"పిలిపించండి" అంది చిన్నమ్మ. ఉంటను తట్టలో పెట్టేసింది.

ఇప్పుడు మా మునిమనవడికీ వేరుశనగ పడదు. బిస్కెట్టు పొట్లం వెనక చదివిగాని వాడికి ఏదీ ఇవ్వరు. ముఖం వాస్తే ఆస్పత్రికి తీసుకుపోతారు, చేతులు జోడించరు. కారణం నాకూ తెలుసు... అయినా ఆ రోజు నేను చూసింది నాగమ్మను కాదని ఈనాటికీ గట్టిగా చెప్పలేను. మీ ఇళ్లలోనూ ఇట్లా తిండికి భయపడి బతికినవాళ్లుంటే, వాళ్లను ఏమనుకునేవాళ్లో రాయండి.

ఆదివారం పొద్దున చిన్నమ్మ వాళ్ల నాయన బండి కట్టుకుని వచ్చాడు. ఎండ ఎక్కకముందే ఆమె వెళ్లిపోయింది.