మొదటి గడి

ఆంజనేయప్రసాద్ ఏ వరుసనూ అంచు నుంచి మొదలుపెట్టడు. ఒక అక్షరం మేర చోటు వదిలి రాస్తాడు. ఫ్రిజ్ మీద అంటించే చీటీ అయినా అంతే.

"ఆ ఖాళీ ఎవరి కోసమండీ, చుట్టాలెవరైనా వస్తున్నారా?" అంటుంది భార్య ప్రభావతి.

అది ప్రింటర్ కోసం. ఇంగ్లండ్‌లోని స్టీవెనేజ్‌లో ఒక ఇంజనీరింగ్ కంపెనీలో చేరిన కొత్తలో అబ్బిన అలవాటు. ఫోర్‌ట్రాన్ అనే పాత కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాం నుంచి ఫలితాలు అచ్చుకు పంపేటప్పుడు ప్రతి వరుసలోనూ మొదటి గడి ప్రింటర్‌ది. అక్కడ ఖాళీ ఉంటే మామూలుగా కింది వరుసకు దిగుతుంది. ఒకటి ఉంటే కొత్త పేజీ తిప్పుతుంది. చేరిన వారంలోనే ఆయన నూట ఇరవై అని పంపితే, ముందున్న ఒకటిని ప్రింటర్ మింగేసి, పేజీ తిప్పి, ఇరవై అని అచ్చువేసింది. ఆ తర్వాత ఆయన మొదటి గడి జోలికి పోలేదు.

విమానం రెక్కల మీద పడే బరువును లెక్కగట్టే ఆ ఫోర్‌ట్రాన్ ప్రోగ్రాంను ఇప్పుడు నీలిమ కొత్త భాషలో రాసింది. కర్నూలు పిల్ల, ఆఫీసులో ఆయన జూనియర్. మీటింగుల్లో 'ప్రసాద్' అంటుంది, పక్కన ఎవరూ లేకపోతే 'అంకుల్'. రెండింటి ఫలితాలూ అక్షరం తేడా లేకుండా కలిస్తే పాతది ఆపేస్తారు. పాతదాన్ని చూసుకోవడమే ఆయన ఉద్యోగం.

మంగళవారం రెండింటినీ పోల్చి చూశారు. తెర నిండా ఎరుపు. ఒక్క వరుసా కలవలేదు.

"ఏంది అంకుల్ ఇది? అంకెలన్నీ సరిగానే ఉండాయి. మీ దాంట్లో ముందర ఈ ఖాళీ ఏంది?"

"ప్రింటర్‌ది అమ్మా."

"యాడుంది ఆ ప్రింటర్?"

"తీసేసి చాలా ఏళ్లయింది. నువ్వు కూర్చున్న చోటే ఉండేది."

నీలిమ కుర్చీలోంచి కొంచెం లేచి కిందికి చూసి నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది.

"ఫెయిల్ అని పెట్టేదా అంకుల్? పెడితే వచ్చే ఏడాది దాకా ఎవురూ కదిలించరు. మీరు ఉండొచ్చు."

ఆయన తెర వంక చూశాడు.

"అంకెలు కలిశాయన్నావుగా?"

"కలిసినాయి."

"మరి ఫెయిల్ ఎట్లా అవుద్ది?"

తన ప్రోగ్రాం తెరిచాడు. ఒక గడి వదలమని చెప్పే 1X అన్న ముక్కను చెరిపేసి మళ్లీ నడిపాడు. ఈసారి ఎరుపు లేదు. నీలిమ టీ తేవడానికి లేచింది.

సాయంత్రం ఇంట్లో బూట్లు విప్పుతూ చెప్పాడు.

"ఆ ఖాళీ ఇవాళ తీసేశానోయ్."

"మంచిపని చేశారు. మరి ఉద్యోగం?"

"జూన్ నుంచి నేనూ ఖాళీ."

ప్రభావతి ఫ్రిజ్ తెరిచి చూసింది.

"అయితే ఆ బూట్లు విప్పకండి. పాలు అయిపోయాయి."