తెల్లారేదాకా ఉంచకూడని కూర

నా చిన్నప్పుడు ఒకరోజు మా నాన్న మా చిన్నాన్నను చంపేస్తాడని పేటంతా ఎదురుచూసింది. ఆ సంగతి చెప్పకుండా ఇశ్రాయేలీయుల బలుల గురించి నేనేం మాట్లాడినా అది పాస్టరుగారి దగ్గర అరువు తెచ్చుకున్న మాటే అవుతుంది. నా చదువు పలకతోనే ఆగిపోయింది. ఆ బలుల అర్థం నేను చదువుకున్నది కాదు, కళ్లతో చూసింది.

మాది కళింగపట్నం దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న చేపల పేట. యేసును నమ్ముకున్న ఇళ్లు అందులో కొన్నే ఉండేవి, మాదొకటి. పొలాలున్న విశ్వాసులు ప్రథమఫలమని తొలి కంకులు మందిరానికి తెస్తే, మేం వేట మొదలవగానే తొలి చేపలు తెచ్చేవాళ్లం. ఆ ఆదివారం మా తాత ఒక పొట్టేలును కోయించి పేటకు కృతజ్ఞత విందు పెట్టేవాడు. బలి సిలువ మీద ఎప్పుడో అయిపోయిందని, ఇది వట్టి తిండేనని ప్రతి యేడూ చెప్పేవాడు.

ఆ యేడు విందుకు ముందురోజే గొడవైంది. సముద్రంలో చిన్నాన్న వల నాన్న వలకు అడ్డంగా పడి రెండూ చిక్కుకున్నాయి. చిక్కు విప్పే ఓపిక లేక చిన్నాన్న నాన్న వలను కత్తితో కోసేశాడు. మా వాళ్లు మనిషిని తిడితే సర్దుకుంటారు, వల కోస్తే సర్దుకోరు. తెప్ప ఇసుకను తాకీ తాకకముందే నాన్న దూకి, తెడ్డు ఎత్తి చిన్నాన్న తల మీద కొట్టాడు. తెడ్డు విరిగింది. తల చిట్లి రక్తం కళ్లలోకి కారుతుంటే, చిన్నాన్న చేపలు కోసే కత్తిని గుడ్డిగా ఊపాడు. నాన్న ముంజేయి నిలువునా చీలిపోయింది. లోపల తెల్లగా ఏదో కనబడింది. నేను అమ్మ చీర పట్టుకుని ఉన్నానన్న సంగతి కూడా మరిచి అమ్మ నన్ను ఈడ్చుకుంటూనే పరిగెత్తింది. అడ్డం వెళ్లిన మగవాళ్లకూ దెబ్బలు తగిలాయి.

"ఒగ్గీండ్రా నన్ను! నరికీసి జైలుకెల్తాను!" అని నాన్న గింజుకుంటున్నాడు.

"రారా, సూద్దాం! నీ తెడ్డే ఇరిగింది, నా కత్తి ఇరగనేదు!" అని చిన్నాన్న అవతల నుంచి అరుస్తున్నాడు.

మర్నాడు పొద్దున నాన్న చేతికి కట్టుతో గడప మీద కూర్చుని కత్తి నూరాడు. అది పొట్టేలు కోసమే అని ఎవరూ అనుకోలేదు. విందు కాగానే తమ్ముడి ఇంటికి పోతానని తన నోటితోనే చెప్పాడు. కాళ్లు పట్టుకున్న అమ్మను తన్నాడు.

తాత వాదనకు దిగలేదు. పొట్టేలును తెచ్చి నాన్న ముందు నిలబెట్టాడు. ఎప్పుడూ నలుగురు దాన్ని పట్టి పడేస్తే నాన్న మెడ మీద ఒక్క వేటు వేసి వెళ్లిపోయేవాడు. ఆ రోజు తాత ఎవ్వరినీ దగ్గరకు రానివ్వలేదు.

"పూర్వం బలి తెచ్చినోడే దాని తలమీద సెయ్యేసి కోసీవోడు. యాజకుడి మీదకి తోసీవోడు కాడు. సెయ్యెయ్యి."

"ఇది బలి కాదన్నావు కదేటి?" అన్నాడు నాన్న.

"కాదు. నువ్వు మనిషిని కోస్తానన్నావు కదా, ఎలాగుంటాదో తెల్సుకో."

నాన్న పంతానికి చేయి వేశాడు. పొట్టేలు ఆ అరచేతికి నుదురు రుద్దింది. మేత వేసి పెంచింది ఆయనే. దెబ్బతిన్న చేత్తో కత్తి లోతుగా దిగలేదు. రక్తం ముఖం మీదికి చిమ్మింది, కాళ్లు ఇసుకను తవ్వుతున్నాయి, మళ్లీ కోయాల్సి వచ్చింది. పొట్టేలు తల మీది చేయి నాన్న తీయబోతే తాత తన చేత్తో దాన్ని అక్కడే నొక్కిపట్టి, ప్రాణం పోయేదాకా తీయనివ్వలేదు. కట్టు ఊడిపోయి ఏ రక్తం ఎవరిదో తెలియలేదు. పొట్టేలు కదలడం మానేశాక నాన్న పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాడు.

"ఇది నోరు నేని జీవం," అన్నాడు తాత. "నీ తమ్ముడు నువ్వు కోస్తన్నంతసేపూ 'అన్నా, అన్నా' అంటాడు."

నాన్న కత్తి కడిగి పక్కనే పెట్టుకున్నాడు.

మా నాయనమ్మ అప్పటికే ఉప్పుకుండ తెచ్చుకుంది. మిగిలిన మాంసాన్ని ఉప్పేసి ఎండబెట్టడం మా ఇళ్లలో అలవాటు. నేనూ ఆమె పోలికే, మెతుకు పారేయను. తాత ఆ కుండ లాక్కుని ఇసుకలో కుమ్మరించాడు.

"కృతజ్ఞతకి కోసింది ఆ రోజే తినాల. తెల్లారేసరికి ముక్క మిగలకూడదని ధర్మశాస్త్రంలో ఉన్నాది."

"నీ ధర్మశాస్త్రం నాకు ఉప్పు కొనిపెడతాదేటి?" అంది నాయనమ్మ. ఆ తర్వాత ఆమె అన్నవి చెప్పకూడదు.

ఆ నియమంలోని కిటుకు నాకు పెద్దయ్యాక తెలిసింది. ఒక పొట్టేలును ఒక్క ఇల్లు ఒక్కరోజులో తినలేదు. దాచుకోవద్దంటే పిలవక తప్పదు. మతం ఏదైనా పేటంతా వచ్చి తిన్నారు. పొద్దు వాలేసరికి ఒక గిన్నెడు కూర మిగిలింది. తినకుండా ఉన్నది చిన్నాన్న ఇల్లొక్కటే. తాత ఆ గిన్నెను నాన్న ముందుకు జరిపి, "రెండు సేతులా పట్టుకో, ఒలికిపోతాది" అన్నాడు.

నాన్న కత్తి వైపు చూశాడు. గిన్నె పట్టుకుంటే కత్తి పట్టుకోవడం కుదరదు. కత్తిని అక్కడే వదిలి గిన్నె ఎత్తాడు. నేను వెనకాలే నడిచాను.

చిన్నాన్న తలకు గుడ్డ చుట్టుకుని, కత్తితో గుమ్మంలోకి వచ్చాడు. రక్తం మరకల చొక్కాతో అన్నను చూడగానే కత్తిపిడితో నోటి మీద గుద్దాడు. నాన్న పెదవి పగిలి, పన్ను రాలింది. గిన్నె మాత్రం ఒలకలేదు.

"కొట్టీసినావు కదా, ఇంక తిను. తెల్లారితే పనికిరాదంట," అన్నాడు నాన్న.

"ఓలమ్మా, కూరట్టుకుని ఒచ్చినోడిని కొడతావేటి, సిగ్గునేదా నీకు?" అని లోపలి నుంచి పిన్ని కేకేసింది.

చిన్నాన్న గుమ్మంలోనే కూర్చుని తిన్నాడు. ఎడమచేతిలోని కత్తి దించలేదు. నాన్న పక్కన కూర్చుని రక్తం ఉమ్ముతూ, నమలలేక పులుసు తాగాడు.

వాళ్లు తర్వాతెప్పుడూ నవ్వుతూ మాట్లాడుకోలేదు. వేటకు వేరువేరు తెప్పల మీదే వెళ్లారు. కానీ ఇద్దరూ ముసలివాళ్లై మంచం మీదే పోయారు. మా అమ్మకు అంతకంటే పెద్ద మేలు ఎవరు చేసి ఉండేవారు?

ఇప్పటి పిల్లలు ఆ బలులూ పండుగలూ పాతకాలపు యూదులవి, మనకెందుకంటారు. పొట్టేలు మనకు అక్కర్లేదు, నిజమే. అయినా మందిరంలో ప్రభువు బల్ల దగ్గర ఆయన మరణాన్ని తలచుకుంటూ రొట్టె అందుకున్నప్పుడల్లా, సిలువ మీద చనిపోయిన ఆ దేవుని గొర్రెపిల్ల తల మీద ఉన్న చేయి నాదేనని నాకు గుర్తొస్తుంది. అలాంటి చేతితో మరొకరి మీద పగ ఎలా పట్టుకోను?

వెనక వీధిలో ఉండే మా తోడికోడలికీ నాకూ పడదు. నా తప్పు లేదని ఇప్పటికీ అంటాను. అయినా బల్ల ఉన్న ఆదివారానికి ముందురోజు కూర వండి తీసుకెళ్తాను. ఆవిడ తలుపు తీసిన రోజులున్నాయి, తీయని రోజులున్నాయి. తీయకపోతే గుమ్మంలో పెట్టి వస్తాను. తినడం ఆవిడ ఇష్టం, అక్కడిదాకా నడవడం నా పని. గిన్నె మాత్రం మర్నాడు వెళ్లి అడిగి తెచ్చుకుంటాను. ఆ వంకన ఇంకో మాట కలుస్తుంది.